ఆవ పెట్టిన కూర, ముగ్గురు జడ్జీలు

మా ఇంట్లో వంట రాని ఆడవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు మా అత్తగారు, ఇంకొకరు నేను. కలకత్తాలో ఇన్ని లక్షల వంటిళ్ళుండగా ఒక బెంగాలీ టీవీ ఛానెల్ వాళ్ళు వెతికి వెతికి మా ఇద్దరినే అత్తాకోడళ్ళ వంటల పోటీకి పిలిచారు. అసలు జరిగిందేమిటో చెబితే చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. టీవీలో చూసిందే నమ్ముతారు. కళ్ళారా చూశాం కదా అంటారు.

మేముండేది భవానీపూర్‌లో, మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పాత మేడ మూడో అంతస్తులో. ఆ ఇంట్లో వంటగది మొదటినుంచీ మగవాళ్ళదే. మా మామగారు కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి రేవులో గుమాస్తా పనికి వచ్చి, ఏక్‌బాల్‌పూర్‌లో ఊరివాళ్ళతో కలిసి ఒక గదిలో ఉండేవారట. వంతులవారీగా వండుకునేవారు. ఆయన వంతు వచ్చిన రోజున పక్క గదులవాళ్ళు కూడా కంచాలు పట్టుకుని వచ్చేవారట. పెళ్ళయి కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఒకసారి అన్నం మాడ్చారు, ఇంకోసారి చారులో ఉప్పనుకుని పంచదార పోశారు. ఆ తరవాత పొయ్యి దగ్గరికి వెళ్ళబోతే మామగారు ఆపి, నువ్వలా కూర్చుని కబుర్లు చెప్పు చాలు అన్నారట. అలా కూర్చున్న మనిషి ఆయన పోయేదాకా లేవలేదు. మా ఆయన తండ్రి దగ్గర వంట నేర్చుకున్నారు. నేను గుంటూరు నుంచి బ్యాంకు ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చి ఆ ఇంటి కోడలినయ్యాను. పెళ్ళిచూపుల్లో అమ్మాయికి వంట వచ్చా అని ఒక్కరూ అడగలేదు. ఇది మంచి సంబంధమని నాకు అక్కడే అర్థమైపోయింది.

మామగారు పోయాక అత్తగారికి సాయంత్రాలు గడవడం కష్టమైంది. నేనూ మా ఆయనా ఆఫీసుల నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. అప్పుడు మొదలయింది ఈ వంటల పోటీల పిచ్చి. హిందీవి, బెంగాలీవి, ఫోనులో తెలుగువి, ఏదీ వదలలేదు. నేను మొదట్లో వెక్కిరించేదాన్ని. వెక్కిరించడానికి సరుకు తక్కువేం లేదు. బండి చక్రమంత పళ్ళెంలో బొట్టుబిళ్ళంత కూర పెడతారు. దాని మీద కంసాలి పట్టకారుతో రెండు ఆకులు అతికిస్తారు. పక్కన ఏదో నురగ పోసి ఇది సముద్రం అంటారు. జడ్జీగారు చెంచా ఎత్తుతారు, అది నోటిదాకా వచ్చేసరికి డప్పులు మోగి ప్రకటనలు వస్తాయి. సబ్బులు, సిమెంటు, మోకాళ్ళ నొప్పుల నూనె అన్నీ అయ్యాక చూస్తే ఆ చెంచా ఇంకా గాల్లోనే ఉంటుంది. కేకు పొంగలేదని ఒకామె కింద కూలబడి ఏడ్చిన ఏడుపు, మా వైపు మనిషి పోయినప్పుడు కూడా ఎవరూ ఏడవరు.

ఇంత వెక్కిరించినదాన్ని, కొన్నాళ్ళకి ఆఫీసు నుంచి వస్తూనే చెప్పులు విప్పకుండా ఎవరు పోయారు అని అడగడం మొదలుపెట్టాను. పోవడమంటే పోటీలోంచి పోవడం. అందులో ఒక ఆకర్షణ ఉంది, లేదంటే అబద్ధం. బ్యాంకులో నా పని ఎలా ఉందో ఏడాదికోసారి, నా పని ఎప్పుడూ చూడని మనిషి, నాకు చెప్పకుండా పైవాళ్ళకి చెబుతాడు. ఇక్కడ నువ్వు చేసినదాన్ని నీ ఎదురుగానే నోట్లో పెట్టుకుని, బాగుందో లేదో నీ మొహం మీదే చెబుతారు. నాకు ఆ న్యాయం చూస్తే అసూయగా ఉండేది. అది కూడా న్యాయం కాదని తరవాత తెలిసిందనుకోండి.

ఎన్నడూ గరిటె పట్టని మనిషి ఇవన్నీ ఎందుకు చూస్తారని అత్తగారిని ఒక ఆదివారం అడిగాను. ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండానే చెప్పారు.

"నానేటి సేస్తానమ్మా. మీ మావయ్య ఉల్లిపాయలు తరుగుతుంటే చూస్తూ కూకునేదాన్ని. ఇప్పుడు మీరొచ్చేవరకు ఎవులున్నారు చూడ్డానికి? ఈళ్ళు తరుగుతారు, నాను చూస్తాను. అంతే."

చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ ఆవిడ ఆ పోటీల్లోంచి మాటలు ఏరుకుని మా ఆయన వంట మీద ప్రయోగించడం మొదలుపెట్టారు. వంకాయ కూరలో క్రంచ్ లేదన్నారు. పప్పు బాగానే ఉంది గానీ చూడ్డానికి పప్పులాగే ఉందన్నారు. కొడుకు పాపం, పప్పు మీద కొత్తిమీర గుడిలాగ పేర్చడం దాకా వచ్చారు.

ఇలా ఉండగా కింద వాటాలో ఉండే బౌదీ రంగంలోకి దిగింది. బౌదీ అంటే వదిన. ఈ మేడలో అందరికీ ఆవిడ బౌదీనే. ఆవిడ తన కోడలితో ఆ పోటీకి దరఖాస్తు పెట్టుకుంటే ఛానెల్ వాళ్ళు, బెంగాలీ అత్తాకోడళ్ళు ఇప్పటికే ఎక్కువైపోయారు, వేరే రాష్ట్రంవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి అన్నారట. బౌదీ మా నంబరిచ్చింది. మమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దంటామని కాదట, ఆశ్చర్యపరుద్దామని.

ఛానెల్ అమ్మాయి నాకు బ్యాంకులో ఉండగా ఫోన్ చేసింది. గొంతులో తేనె కారుతోంది. మీ అత్తగారూ మీరూ కలిసి వంట చేస్తారా అని అడిగింది. కలిసి తింటాం అన్నాను. ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. ఇంత సరదాగా మాట్లాడే మనుషులే మాకు కావాలంది. నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళని చూశాను గానీ, నిజం చెప్పి ఎంపికైనదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఇంటికి వచ్చి చెబితే, నా మాట పూర్తవకముందే అత్తగారు ఒప్పేసుకున్నారు. ఇద్దరికీ వంట రాదు కదా అని నేను గుర్తు చేశాను. టీవీలో వచ్చేవాళ్ళకి మాత్రం ఏం వచ్చని ఆవిడ తిరిగి అడిగారు. మా ఆయన, ఒక్క వంట నేర్పిస్తాను, దానికి మించి నా వల్ల కాదు అన్నారు.

ఏ వంట అన్నదాని మీద ఛానెల్ అమ్మాయితో బేరం సాగింది. ఆ అమ్మాయి దోశ అంది. లేదా ఇడ్లీ అంది. రెండూ కాకపోతే కొబ్బరి వేసినదేదైనా సరే అంది. మామగారు చేసే కూరల్లో కొబ్బరి కనబడేది కాదు. ఆయన చేతి వంటల్లో పేరు మోసింది పనసపొట్టు ఆవ పెట్టిన కూర. లేత పనసకాయ ఇక్కడ బజార్లో వేసవి మొదలవుతూనే దొరుకుతుంది, ఆవాలకి కొరతే లేదు. ఆ పేరు చెబితే ఆ అమ్మాయికి దిగులు పట్టుకుంది. ఆవ మా బెంగాలీలది కదా, మీరు కూడా అదే తింటే చూసేవాళ్ళు తికమక పడతారేమో అంది. ఏళ్ళ తరబడి తికమక పడకుండానే తింటున్నాం అన్నాను. చివరికి అరటాకు వేసి పక్కన కొబ్బరిచిప్ప పెట్టే షరతు మీద ఒప్పుకుంది.

మా ఆయన మాకు పాఠాలు చెప్పారు. చేతులకి నూనె రాసుకుని పనసకాయని సన్నగా పొట్టు కొట్టడం నా వంతు. ఉడికిన పొట్టుని నీరు పోయేలా పిండడం, చింతపండు గుజ్జు కలపడం, పోపులో శనగపప్పు వేగిందో లేదో చూడడం అత్తగారి వంతు. అన్నిటికంటే ముఖ్యం ఆఖరి మెట్టు. నూరిన ఆవముద్ద కూర బాగా చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. ఈ ఒక్క మాట ఆయన ఎన్నిసార్లు చెప్పారంటే, బ్యాంకులో ఒకతను కాఫీ చల్లారిపోతోందంటే మంచిదే, ఇప్పుడు కలపండి అన్నాను.

పోటీకి ముందు మా ఇల్లు చిత్రీకరించడానికి వచ్చారు. లైట్లు, తీగలు, గొడుగులతో మనుషులు నిండిపోయి, మా వంటగది రథోత్సవంలాగ తయారైంది. మా ఆయన అలవాటుగా పొయ్యి దగ్గర నిలబడితే, దాదా, అంటే అన్నగారూ, మీరు ఫ్రేములో అడ్డం వస్తున్నారు, కాస్త హాల్లో కూర్చుంటారా అన్నారు. ఊరికే కూర్చుంటే బాగుండదని చేతికో పేపరు ఇచ్చారు. తాను వండే ఇంట్లోనే, మా వంటకోసం ఎదురుచూస్తున్న భర్తగా నటించారు. రెండు టేకులు తీసుకున్నారు. మొదటిసారి చాలినంత ఆకలి కనబడలేదట.

తరవాత మా ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి, మీ మధ్య గొడవలు ఏమున్నాయో చెప్పండి అన్నారు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎంత ఆలోచించినా ఫ్యాను ఏ నంబరు మీద తిరగాలన్నది తప్ప మరో తగాదా గుర్తు రాలేదు. అది సరిపోదన్నారు. పోనీ ఏదైనా దుఃఖం ఉందా అన్నారు. అత్తగారి వెనక గోడ మీద మామగారి ఫోటో చూసి ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. ఆయన పోయిన రోజు గురించి చెప్పండి మాషీమా, అంది మెత్తగా. మాషీమా అంటే పిన్నిగారు.

అత్తగారు బెంగాలీలో నెమ్మదిగా చెప్పారు. ఆయన నిండుగా బతికాడని, పోయే ముందు రోజు కూడా తన చేత్తో చేపల పులుసు వండుకుని రెండోసారి వడ్డించుకున్నాడని, అలాంటి మనిషికి ఏడిస్తే ఆయనే నవ్వుతాడని అన్నారు. ఆ అమ్మాయి లైట్లవాళ్ళ వైపు తిరిగి లైట్లు ఆర్పెయ్యమంది.

స్టూడియో న్యూ టౌన్ అవతల, కొత్త మేడలన్నీ అయిపోయాక వచ్చే ఒక గోడౌను లాంటి షెడ్డులో. మా ఆయన కూడా వచ్చారు గానీ, ఈ వారం పోటీకి వచ్చినవాళ్ళ మగవాళ్ళకి ప్రవేశం లేదని గేటు దగ్గరే ఆపేశారు. లోపల వంటిళ్ళన్నీ అట్టలవి. కిటికీ ఉంది, దాని వెనక ఎండ ఉంది, ఆ ఎండ రంగులతో వేసింది. కుళాయి ఉంది, తిప్పితే నీళ్ళు రావు. నా నూలు చీర పనికిరాదని ఇంత జరీ ఉన్న పట్టుచీర కట్టించారు. ప్లాస్టిక్ మల్లెపూల దండలు తెచ్చారు. అత్తగారు తనకొద్దన్నారు. భర్త పోయిన మనిషి కాబట్టి పూలు పెట్టుకోరని నేను చెప్పబోయేంతలో, ఆవిడే ఆ దండ తీసి నా తలలో పెట్టించారు. ఇద్దరి పూలూ మోస్తూ నేను పెళ్ళి కారులాగ నిలబడ్డాను.

పోటీ గంటలోపు అని చెప్పారు. ఆ గంట పొద్దున్న మొదలై మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ముగిసింది. కెమెరాకి ఛార్జింగు అయిపోతే టైము ఆగుతుంది. యాంకరమ్మ లిప్‌స్టిక్ చెదిరితే టైము ఆగుతుంది. కూర అడుగంటుతుంటే మాత్రం ఆగదు. నేను పొట్టు కొట్టాను, అత్తగారు పోపు వేశారు. మా ఆయన పాఠం ఎంత గట్టిదో గానీ, అంత హడావిడిలోనూ అన్నీ వరసగా గుర్తొచ్చాయి. కూర దించాం. ఇక చల్లారాలి.

అప్పుడు యాంకరమ్మ అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. డప్పులు మోగాయి. ఫ్లోర్ మీద ఉన్నతను, పొగలు వస్తుండగా కలపండి దీదీ, పొగలుంటేనే బాగా కనబడుతుంది అని నా వెనకాల తొందర పెట్టాడు. నాకు కంగారు పుట్టింది. ఆవముద్ద గిన్నె ఎత్తి కూరలో బోర్లించబోయాను. అత్తగారు లటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు, ఇప్పుడేటి? సల్లారనీ. పొగలు కావాలంటే ఆళ్ళని బీడీలు కాల్చుకోమను."

ఆ మాట తెలుగులో అన్నారు కాబట్టి అక్కడెవరికీ అర్థం కాలేదు. నేను నవ్వాపుకోలేక తల వంచేసుకున్నాను. కూర చల్లారాకే ఆవ కలిపాం. జడ్జీల ముందుకి వెళ్ళేసరికి ఎలాగూ లైట్లు సర్దడానికి చాలా సేపు పట్టింది. మిగతావాళ్ళ వేపుడు చేపలు మెత్తబడిపోయాయి, పులావు బిగుసుకుపోయింది. మా కూరకి మాత్రం అది మేలే చేసింది. ఆవ పెట్టిన కూర ఊరేకొద్దీ ఘాటెక్కుతుంది. వంటల పోటీకి తగిన వంట ఏదైనా ఉంటే అదే, ఎందుకంటే అక్కడ అన్నీ చల్లారిపోయాకే తింటారు.

జడ్జీలు ముగ్గురు. ఒకరు పెద్ద హోటల్లో వంటాయన, నల్లకోటు వేసుకుని చేతులు కట్టుకుని ఉండేవారు. ఒకరు సినిమా నటి. మొదటి సినిమా నాటి నుంచీ ఆవిడ ఏమీ తిన్నట్టు లేదు. మూడో ఆయన ఎవరో ఎవరికీ తెలియదు గానీ, అన్నీ వాసన చూసి కళ్ళు మూసుకునేవారు. ఆయనే మా కూర పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరవాత ఆవ ముక్కుకెక్కింది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. రుమాలు పెట్టుకుని, అద్భుతం అన్నట్టు చెయ్యి ఊపి, ఇంకో ముద్ద తీసుకున్నారు. ఆ రోజంతటిలో మాకు దక్కిన నిజమైన తీర్పు అదొక్కటే.

హోటలాయన, ఈ వంట రహస్యం ఏమిటి మాషీమా, ఎవరు నేర్పారు అని అడిగారు. అత్తగారు మా ఆయన అంటూ మామగారితో మొదలుపెట్టి మొత్తం చెప్పారు. ఏక్‌బాల్‌పూర్ గది, వంతులు, కంచాలు పట్టుకుని వచ్చిన పక్క గదులవాళ్ళు, మాడిన అన్నం, కబుర్లు చెబుతూ తాను కూర్చోవడం, ఆయన తరుగుతూ వినడం. బెంగాలీలో చెప్పారు, తడబడకుండా. డప్పులవాళ్ళు కూడా డప్పులు దించి విన్నారు. అత్తగారు మాట్లాడగలరని నాకు తెలుసు గానీ, అంతమంది మధ్యలో అంత నిదానంగా ఆయన్ని తలుచుకోగలరని నేను అనుకోలేదు.

ఆవిడ ముగించాక దర్శకుడు మైకులో, చాలా బాగుంది, ఒక్క చిన్న మార్పు, ఇదే మళ్ళీ చెప్పండి గానీ భర్త బదులు మీ అత్తగారు నేర్పినట్టు చెప్పగలరా, ఈ వారం అత్తాకోడళ్ళది కదా అన్నాడు.

అత్తగారు నా వైపు చూసి తెలుగులో అన్నారు. "మా అత్త నాను కాపరానికి రాకముందే పోనాది. పోయిన మనిషి చేత వంట ఎలాగ సేయించమంటాడు?"

దాన్ని నేను కాస్త మర్యాదగా బెంగాలీలోకి మార్చి చెప్పాను. దర్శకుడు పరవాలేదన్నాడు. పరవాలేదు అంటే ఏమిటో ఆ తరవాత తెలిసింది.

ఆ పూటే మమ్మల్ని పంపేశారు. రుచి బాగుంది గానీ మీ పళ్ళెంలో కథ లేదు అన్నారు నల్లకోటాయన. అత్తగారు నమస్కారం పెట్టి బయటికి వచ్చి, కూర అడిగారు, కూర పెట్టాం, కథ కావాలంటే ముందే చెప్పాలి కదా అన్నారు. గేటు బయట మా ఆయన ప్యాకెట్ బిర్యానీ తింటూ నిలబడి ఉన్నారు. ఆవ ఎప్పుడు కలిపారు అని మాత్రం అడిగారు. చల్లారాకే అన్నాం. అయితే గెలిచినట్టే అని కారు బుక్ చేశారు.

టీవీలో వచ్చిన సాయంత్రం బౌదీ, ఆవిడ భర్త, వాళ్ళ కోడలు అందరూ మా హాల్లో చేరారు. మొదట మా ఆయన కనబడ్డారు, పేపరు చదువుతూ. ఇంటాయన ఆకలితో ఎదురుచూస్తున్నారు అని వెనక నుంచి గొంతు వినబడింది. తరవాత ఉరుము ఉరిమింది. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. మళ్ళీ ఉరిమింది, మళ్ళీ పట్టుకున్నారు. మూడోసారి నెమ్మదిగా, నలుపూ తెలుపులో పట్టుకున్నారు. నవ్వాపుకోవడానికి తల వంచుకున్న నేను, కళ్ళనీళ్ళు దాచుకుంటున్న కోడలిగా కనబడ్డాను. అత్తగారు ఒకచోట నన్ను కొరకొరా చూశారు. నిజానికి ఆవిడ అప్పుడు చూస్తున్నది అట్టగోడ మీద పాకుతున్న బల్లిని.

మామగారి కథ ఒక్క ముక్క కూడా లేదు. వాసన చూసే జడ్జీగారి కన్నీళ్ళు మాత్రం ఉన్నాయి. అయితే మా కూర దగ్గర కాదు. హౌరా నుంచి వచ్చిన ఒక అత్తగారు కోడలికి ఓవెన్ కొనడానికి తన చెవి కమ్మలు అమ్మేశానని చెబుతుంటే, ఆయన కరిగి నీరైపోయినట్టు అక్కడ అతికించారు. మా ఆవ ఆ కోడలిని ఫైనల్స్ దాకా తీసుకెళ్ళింది.

కార్యక్రమం అయ్యింది. బౌదీ కోడలు నా పక్కకి జరిగి కూర్చుని, నా చేతి మీద చెయ్యి వేసింది. మా ఇంట్లో రోజూ చూస్తున్న పిల్ల, తను కూడా నమ్మేసింది.

మర్నాటి నుంచి నా హోదా పెరిగింది. కూరగాయలమ్మే ఆవిడ రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసి, ఓర్చుకో అమ్మా అంది. బ్యాంకులో మేనేజరుగారు ఇంటికి త్వరగా వెళ్ళక్కర్లేదని, కావాలంటే ఆలస్యంగానే వెళ్ళమని అన్నారు. గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసి, ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాటైనా చెప్పలేదేమే అని ఏడ్చింది. అదే రోజు విశాఖపట్నం నుంచి మా ఆడపడుచు అత్తగారికి ఫోన్ చేసి, కోడలు ఆ కూరలో ఏం కలపబోయిందమ్మా, నువ్వు చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది అని ఏడ్చింది. ఇద్దరికీ ఎంత చెప్పినా లాభం లేకపోయింది. మేం ఒకరిని ఒకరు వెనకేసుకొస్తున్నకొద్దీ వాళ్ళ అనుమానం బలపడింది.

అత్తగారు మాత్రం పేరు రావడం ఏ రకంగానైనా మంచిదేనన్నట్టు ఉన్నారు. సాయంత్రాలు చుట్టుపక్కల అత్తలందరూ ఆవిడ దగ్గర చేరడం మొదలుపెట్టారు. కోడళ్ళని అదుపులో పెట్టే మనిషని ఆవిడ మీద గౌరవం. ఒక్కొక్కరూ తమ కోడళ్ళ మీద ఫిర్యాదులు విప్పేవారు. ఆవిడ అన్నీ ఓపికగా విని, నేను రాగానే పూసగుచ్చినట్టు నాకు చెప్పేవారు. టీవీ పెట్టడం కూడా తగ్గించారు. దానికంటే ఇదే బాగుందట, మధ్యలో ప్రకటనలు రావట.

కొన్ని వారాలకి ఛానెల్ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. మీ ఎపిసోడ్ బాగా పోయింది, అత్తాకోడళ్ళు రాజీపడే ప్రత్యేక కార్యక్రమం చేస్తున్నాం, మీరిద్దరూ వచ్చి ఒకరినొకరు కౌగిలించుకోవాలి అంది. నేను ఫోన్ అత్తగారికి ఇచ్చాను. ఆవిడ ఒకే ఒక్కటి అడిగారు. ఆ రోజు పోయిన మా ఆయన గురించి నేను చెప్పిన ముక్క ఉంది కదా, అది టీవీలో వెయ్యక్కర్లేదు, నా ఫోనుకి పంపిస్తారా అన్నారు. ఆ అమ్మాయి కనుక్కుని చెబుతానంది. కాసేపటికి తిరిగి చేసింది. వాడనివన్నీ చెరిపేశారట. సారీ మాషీమా అంది. ఈసారి గొంతులో తేనె లేదు, నిజంగానే బాధపడుతున్నట్టుంది. అత్తగారు పరవాలేదమ్మా అని, కౌగిలింతకి రామని చెప్పి ఫోన్ పెట్టేశారు.

ఆ పూట ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. మా ఆయన అడిగితే, "ఏటీ లేదురా, మళ్ళీ అలాగ చెప్పగలనో లేదో అని" అన్నారు. ఆయన పెరుగు వడ్డించారు.

చెప్పగలరు. మర్నాడే చెప్పారు. కోడళ్ళ మీద ఫిర్యాదులతో వచ్చిన అత్తలందరికీ, ఆ రోజు వాళ్ళ ఫిర్యాదులు ఆపించి, మామగారి కథ మొదటినుంచి చివరిదాకా చెప్పారట. ఆయన పొయ్యి దగ్గర, తాను గుమ్మం దగ్గర, అలా గడిచిపోయిన కాపురం. చివరికి ఆ పేపరు చదివే కొడుకే ఈ ఇంటి వంటమనిషని కూడా చెప్పేశారు. నేను ఇంటికొచ్చేసరికి అత్తలందరూ ఆలోచనలో పడి మెట్లు దిగుతున్నారు. తరవాతి సాయంత్రాల్లో కోడళ్ళ మాట వెనకబడి మొగుళ్ళ మాట ముందుకొచ్చింది. మేడలో ఉన్న మగవాళ్ళు మా ఆయన్ని మెట్ల మీద చూసి పలకరించడం మానేశారు.

ఒక్కాయన తప్ప. బౌదీ భర్త, కింద వాటా దాదా. రిటైరైన మనిషి. రోజూ పొద్దున్నే సంచి పట్టుకుని బజారుకి వెళ్ళి, చేప మొప్పలు ఎత్తి చూసి, వంకాయల్ని పెళ్ళికూతుళ్ళలాగ ఎంచి తెస్తారు. తిన్నాక చేప కాస్త ఎక్కువ ఉడికిందని చెబుతారు. ఆ మధ్యలో జరిగేదానితో ఆయనకి సంబంధం లేదు. ఒక ఆదివారం ఆయన మా తలుపు తట్టి, పప్పు ఎలా చేస్తారు, మరీ కష్టమైనదేం వద్దు అని మా ఆయన్ని అడిగారు. గొంతు తగ్గించి అడిగారు, అప్పు అడిగినట్టు.

మా ఆయన ఆయన్ని వంటగదిలోకి తీసుకెళ్ళారు. అత్తగారు వెంటనే వెళ్ళి గుమ్మం దగ్గర చేరారు. ఇద్దరు మగవాళ్ళూ అల్లం తరుగుతుంటే, ఆవిడ రేవు రోజుల కబుర్లు ఎత్తుకున్నారు. దాదా ముక్కలు కోయడం ఆపి వినేవారు. మా ఆయన ఆయన మోచేతిని పొడిచి మళ్ళీ కోయించేవారు. నేను హాల్లో పేపరు చదువుకున్నాను.

ఆ వారంలోనే దాదా కింద తన ఇంట్లో సొంతంగా పెసరపప్పు చేశారు. బౌదీ పైకి వచ్చి ఆ సంగతి చెబుతుంటే, ఎలా ఉంది అని అత్తగారు అడిగారు. బౌదీ మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాం.

"ఉప్పెక్కువైంది మాషీమా" అంది. "రేపు కూడా ఆయన్నే చెయ్యమన్నాను."